మూతకు ఇవతల నిప్పు, అవతల నిప్పు

"మూత ముట్టుకోకురా నాన్నా!"

మెట్టకూరులో మా మేనత్త పెరట్లో నేను విన్న మొదటి వంటపాఠం ఇదే. అప్పటికి నాకు పదేళ్ళుంటాయి. ఇటికెల పొయ్యి మీద పెద్ద సత్తుగిన్నె బోర్లించి ఉంది. అంచు కింద నుంచి సన్నగా పొగ వస్తోంది. లోపల చేప కాలుతోంది. ఎంతవరకు వచ్చిందో చూద్దామని నా చెయ్యి అటు పోయింది. అత్త రోటి దగ్గర అల్లం దంచుకుంటోంది, ఇటు తిరగనైనా లేదు. నా నీడ కదిలినట్టుంది, అంతే, ఆ మాట వచ్చింది.

చాలా ఏళ్ళ తర్వాత, మూత ఉన్న బార్బెక్యూ పొయ్యి ఒకటి మా మేడ మీదికి వచ్చాక, దాన్ని చూసిన ప్రతివాళ్ళూ నన్ను ఒకటే అడిగారు: మూత వేసి కాల్చాలా, తీసి కాల్చాలా? ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటే నా ఆలోచన తిన్నగా మెట్టకూరు పెరట్లోకే పోయింది. అత్త బార్బెక్యూ అన్న మాట ఎరగదు. కానీ నిప్పుకీ మూతకీ మధ్య ఉన్న సంగతులన్నీ ఆవిడ చేతుల్లో ఉన్నాయి. ఆ చేతుల పనితనం గురించే ఈ నాలుగు మాటలు.

మెట్టకూరు యానాంలోని ఊరు. యానాం అంటే మొత్తం కలిపితే 30 చదరపు కిలోమీటర్లు. చుట్టూ ఆంధ్ర నేల, పక్కన గౌతమి, పాలన మాత్రం పుదుచ్చేరిది. 1954 దాకా ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో ఉన్న నేల ఇది. కాస్త దిగువకు పోతే గోదావరి సముద్రంలో కలుస్తుంది, ఉత్తరంగా కోరింగ మడ అడవులు. అందుకని ఇక్కడి చేపల బుట్టలో ఏటి చేపా, సముద్రపు చేపా, రెండు నీళ్ళలోనూ తిరిగే చేపా పక్కపక్కన కనిపిస్తాయి. పండుగప్ప, చందువ, రొయ్య, పీత. వరద నీటితో పాటు పులస. కాల్చడానికి కొబ్బరి చిప్పలకు కొదవ లేదు, సరుగుడు కర్రకూ కొదవ లేదు. నిప్పూ చేపా ఇంత దగ్గరగా ఉన్న చోట మూత విద్య పుట్టకపోతేనే ఆశ్చర్యం.

ముందు మూత లేని పని చెబుతాను.

అత్త ఎండుచేప కాల్చేటప్పుడు మూత ఊసే లేదు. సావిడాయ ముక్కను తిన్నగా నిప్పుల మీద వేసేది. ఇటు నాలుగు క్షణాలు, అటు నాలుగు క్షణాలు. అది చిటపటలాడి అంచులు ముడుచుకోగానే తీసి, నేలకేసి రెండు దెబ్బలు కొట్టి బూడిద దులిపేది. అప్పడమూ అంతే. ఎండుచేపలోనూ అప్పడంలోనూ లోపల అంటూ ఏమీ లేదు, ఉన్నదంతా పైనే. కాబట్టి పైన తగిలే సెగ ఒక్కటే చాలు, అది ఎంత గట్టిగా తగిలితే అంత మంచిది. కణకణలాడే బొగ్గు నుంచి సెగ ఎండలాగా తిన్నగా వచ్చి తగులుతుంది. ఎదురుగా ఉన్న ముఖమే కాలుతుంది, వెనక ముఖానికి ఏమీ తెలియదు. అందుకే తిప్పుతూ ఉండాలి, అందుకే కళ్ళు తిప్పకూడదు. మూత వేస్తే ఆ చూపు పోతుంది. క్షణాల్లో అయిపోయే పనికి మూత వేయడమంటే మాడిపోతుంటే చూడకుండా కూర్చోవడమే.

ఒక చేపను తెరిచి కాల్చాలా మూసి కాల్చాలా అన్నది అత్త వేలు పెట్టి తేల్చేది. చూపుడువేలిని చేప పక్కన అడ్డంగా ఆనించేది. మందం వేలికి మించకపోతే తెరిచే కాల్చడం. చందువ ఈ లెక్కలోకి వస్తుంది. పళ్ళెంలా పల్చగా, వెడల్పుగా ఉంటుంది. రొయ్యలూ ఇంతే. వేలు దాటి మందం ఉంటే, పైన కమిలే లోపు లోపలి దాకా సెగ పోదు. అక్కడ మూత కావాలి. ఇవాళ ఏ బార్బెక్యూ పుస్తకం తెరిచినా అంగుళం మందం గురించో, అరగంట సమయం గురించో ఇదే మాట వేరే కొలతల్లో ఉంటుంది.

నిప్పు సంగతి తేల్చడానికి అరచెయ్యి. నిప్పుల మీద జానెడు ఎత్తున చెయ్యి చాపి లెక్కపెట్టేది. ధాన్యం కొలిచే ఇళ్ళలో పుట్టిన మనిషి కాబట్టి ఒకటి అని మొదలుపెట్టేది కాదు. "లాభం, రెండు, మూడు..." మూడులోపు చెయ్యి లాగేసుకోవాల్సి వస్తే అది ఎండుచేప నిప్పు, చందువ నిప్పు. అయిదారు దాకా ఓర్చుకోగలిగితే మూత వేసే నిప్పు. పది దాటితే బొగ్గు వెయ్యాలి. కొబ్బరి చిప్ప భగ్గున అంటుకుని, గట్టి సెగ ఇచ్చి, తొందరగా ఆరిపోతుంది. సరుగుడు బొగ్గు నిదానంగా రాజుకుని చాలాసేపు నిలుస్తుంది. తెరిచి చేసే పనికి చిప్పలు, మూసి చేసే పనికి సరుగుడు. ఈ రెంటినీ ఆవిడ ఎప్పుడూ తారుమారు చేయలేదు.

ఇక పండుగప్ప.

కిలోన్నర తూగే పండుగప్పను ముక్కలు చేయకుండా కాల్చడం మా ఇంట్లో పండగ. పొలుసు గీకి, కడుపు శుభ్రం చేసి, రెండు పక్కలా వెన్నుముల్లు తగిలేదాకా ఏటవాలుగా గాట్లు పెట్టేది. గాట్లు మసాలా పట్టడానికేనని చాలాకాలం అనుకున్నాను. మసాలా కోసమూ నిజమే, కానీ అసలు సంగతి మందం. గాటు పడిన చోట సెగకు దారి దొరుకుతుంది, మూడు వేళ్ళ మందం చేప ఒక వేలు మందం చేపలా ఉడుకుతుంది. తల వైపు గాట్లు దగ్గర దగ్గరగా, తోక వైపు దూరంగా పడేవి. తోక దగ్గర మందమే లేదు, గాటెందుకు? ఉప్పు, పసుపు, కారం, అల్లం వెల్లుల్లి ముద్ద, నిమ్మరసం పట్టించి, ఎత్తి పొయ్యి మీద పెట్టే ముందు పాత నేతగుడ్డతో పైన తడి అద్దేది. లోపల గాట్లలో ముద్ద అలాగే ఉంటుంది, పైచర్మం మాత్రం పొడిగా ఉండాలి.

ఈ తడి అద్దడంలోనే రసాయనశాస్త్రం ఉంది. పైన నీళ్ళున్నంతసేపు ఆ చర్మం నూరు డిగ్రీలు దాటదు. సెగంతా నీటిని ఆవిరి చేయడానికే ఖర్చయిపోతుంది. ఎర్రగా వేగిన రంగు, ఆ రంగుతో పాటు వచ్చే వాసన కావాలంటే 140 డిగ్రీలకు అటూఇటుగా చేరాలి. మాంసకృత్తుల్లోని అమైనో ఆమ్లాలు, చక్కెరలు వేడికి కలిసి ఆ రంగును ఎలా పుట్టిస్తాయో 1912లో వివరించినవాడు ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమీ మయ్యార్. ఆయన ఆ సంగతి రాసే నాటికి యానాంలో ఫ్రెంచి జెండాయే ఎగురుతోంది. మూత బిగించి ఆవిరి పట్టి ఉంచితే ఏమవుతుందో అంతకు ఎంతో ముందే, 1679లో, ఇంకో ఫ్రెంచివాడు దెనీ పపాఁ లండన్‌లో చూపించాడు. ఎముకలను సైతం మెత్తబరిచిన ఆయన పాత్రే మన ప్రెషర్ కుక్కరుకు ముత్తాత. ఒకాయన పొడి సెగ సంగతి చెప్పాడు, ఇంకొకాయన తడి సెగ సంగతి చేసి చూపాడు. చేపను కాల్చేవాళ్ళు ఈ రెంటి మధ్య నడవాలి.

అత్త ఎలా నడిచిందంటే: ఇటికెలు నాలుగు వైపులా పేర్చి, లోపల నిప్పులను రెండు పక్కలకూ ఎగదోసి నడిమి ఖాళీ చేసేది. పైన చువ్వల జాలీ, జాలీ నడిమిన చేప, కింద నిప్పు లేని చోట. తల నిప్పు వైపు, తోక ఎడంగా. అప్పుడు మూత.

ఆ మూతను నేను ఎంత పొగిడినా తక్కువే. ఒకప్పుడు పెళ్ళిళ్ళలో కూర వండిన సత్తుగిన్నె. అడుగు గుండ్రంగా ఉంటుంది. ఏళ్ళ తరబడి వాడి వాడి ఆ అడుగున చిటికెన వేలంత చిల్లు పడింది. చిల్లుపడ్డ గిన్నెను ఎవరైనా పాతసామాన్లవాడికి వేస్తారు. ఆవిడ బోర్లించింది. చిల్లు పైకి వచ్చింది, పొగగొట్టమైంది. పొయ్యి కింద ఒక ఇటికెను కొద్దిగా పక్కకు జరిపితే గాలి లోపలికి వస్తుంది. నిప్పును తాకి, వేడెక్కి, గిన్నె గుండ్రంలో తిరిగి, చేప వీపు మీదుగా పోయి, చిల్లులోంచి బయటపడుతుంది. కింద నుంచి మాత్రమే తగిలే సెగ ఇప్పుడు నాలుగు వైపుల నుంచీ తగులుతోంది. పొయ్యి కాస్తా పొయ్యీ పైకప్పూ ఉన్న చిన్న గది అయిపోయింది. సెగ ఎక్కువనిపిస్తే చిల్లు మీద తడిమట్టి ముద్ద సగం కప్పేది. గాలి తగ్గితే నిప్పు తగ్గుతుంది. తక్కువనిపిస్తే ముద్ద తీసేసేది.

అమెరికాలో షికాగో దగ్గర లోహపు పని చేసే కంపెనీలో జార్జ్ స్టీఫెన్ అనే ఆయన 1952లో సరస్సు మీద తేలే బోయా డొల్లను రెండు చెక్కలు చేసి, ఒకటి పొయ్యిగా, ఒకటి మూతగా మార్చాడు. ఇవాళ లోకమంతా తిరుగుతున్న వెబర్ కెటిల్ పొయ్యి అలా పుట్టింది. దాని బొమ్మ మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. గుండ్రటి మూత, కింద గాలిదారి, పైన చిల్లు: మెట్టకూరు పెరట్లో ఉన్నవి ఇవే కదా! ఆయనకు కావలసిందీ అత్తకు కావలసిందీ ఒకటే కాబట్టి ఇద్దరూ ఒకే ఆకారానికి చేరుకున్నారు. గుండ్రం ఎందుకు, పళ్ళెం బోర్లిస్తే చాలదా అని అడిగాను ఒకసారి. "పళ్ళేనికి పట్టిన చెమట చేప మీద పడద్దిరా. దీనికైతే పక్కల్నించి జారిపోద్ది" అంది. ఆవిరి చుక్కలై చేప మీద రాలితే చర్మం నానిపోతుంది. తడి అద్దిన శ్రమంతా వృథా.

మూత వేశాక ఆవిడ చేసే పని చూడ్డానికి ఏమీ ఉండదు. వినడానికి ఉంటుంది. చేప నుంచి రసమో నూనో బొట్టు పడితే 'చుయ్'మంటుంది. మొదట్లో చప్పుడు లేదు. కాసేపటికి ఒకటి, ఆగి ఒకటి. తర్వాత వరసగా. చిల్లులోంచి వచ్చే పొగ మొదట తెల్లగా, చిక్కగా, తడిగా ఉంటుంది. తడి తగ్గేకొద్దీ పల్చబడి నీలంగా మారుతుంది. వాసన కూడా మారుతుంది: ముందు పచ్చిచేప, తర్వాత వెల్లుల్లి, చివరికి ఆ రెండూ కాని, ఆకలి పుట్టించే కమ్మదనం. మూత మీద నాలుగు నీటి చుక్కలు చిలకరిస్తే అవి ఎంత తొందరగా ఎగిరిపోతాయో చూసి లోపలి వేడి చెప్పేది. అరగంటలో ఒక్కసారైనా మూత ఎత్తేది కాదు. ఎత్తితే గిన్నెలో చేరిన వేడిగాలి ఒక్కసారిగా పైకి పోతుంది, నిప్పుకు కొత్త గాలి తగిలి రేగుతుంది. మళ్ళీ ఆ గది వేడెక్కాలి. లోపల జరిగేది మూత తీయకుండా తెలుసుకోవడం ఆవిడకు ఎన్నేళ్ళకు పట్టుబడిందో నాకు తెలియదు, నాకు మాత్రం ఇంకా పట్టుబడలేదు.

నీలిపొగ వచ్చాక మూత తీసేది. అప్పుడు ఎగదోసిన నిప్పులను నడిమికి లాగి, కొబ్బరి చిప్పలు నాలుగు వేసి, రెండు నిమిషాలు తెరిచిన నిప్పు మీద ఒక పక్క, రెండు నిమిషాలు ఇంకో పక్క. మూత కింద ఉడికి మెత్తబడిన చేపకు ఈ నాలుగు నిమిషాల్లో ఎర్రటి కరకర చర్మం వస్తుంది. నూనె కారి మంట లేచిందా, నీళ్ళు చల్లేది కాదు. చల్లితే బూడిద లేచి చేపకు అంటుకుంటుంది. జాలీని అరచేతి వెడల్పు పక్కకు జరిపేది, లేదంటే పక్కనున్న నివురు చారెడు మంట మీద వేసేది. మూత వేసే పని ముందు, తీసే పని వెనక. ఈ వరస తిరగబడితే ముందు వచ్చిన కరకర మూత కింది ఆవిరికి మెత్తబడిపోతుంది.

మూత ఎత్తకుండా ఉండడం ఎంత ముఖ్యమో ఒకసారి ఒక విందులో చేదుగా తెలిసింది. ఏటి ఒడ్డున, మంచి ఖరీదైన మూత పొయ్యి. కోడికాళ్ళు కాలుతున్నాయి. కాల్చే అబ్బాయి రెండు నిమిషాలకోసారి మూత ఎత్తి చూస్తున్నాడు, వచ్చినవాళ్ళకు చూపిస్తున్నాడు. నాకు వడ్డించిన కాలు పైన నల్లగా ఉంది, ఎముక దగ్గర నెత్తుటి చార ఉంది. కోడి ఎముక దగ్గర 74 డిగ్రీల వేడి చేరితేనే తినడానికి భద్రం. అంత లావు ముక్క లోపలికి ఆ వేడి పోవాలంటే మూత కింద నిమ్మళంగా ఉండాలి. తప్పు ఆ అబ్బాయిది కాదని ఇప్పటికీ అంటాను. మూత ముట్టుకోకురా అని చెప్పేవాళ్ళు అతనికి దొరకలేదు.

నిప్పు మీద మూత గురించి రాస్తున్నాను కాబట్టి ఇంకొకటి కూడా చెప్పి తీరాలి. వాన పడితే అత్త కుంపటిని వీధి అరుగు మీదికి తెచ్చేది కానీ తలుపులు వేసిన గదిలోకి ఎన్నడూ తేలేదు. బొగ్గుకు గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. రంగు లేదు, వాసన లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. చలికో, కరెంటు పోయిందనో బొగ్గుల కుంపటి పడగ్గదిలో పెట్టుకుని తెల్లారేసరికి లేవని కుటుంబాల గురించి ఎన్నిసార్లు చదివామో! మూత చేపకు ఉండొచ్చు. మనుషులున్న గదికి ఉండకూడదు.

ఇంతవరకు చెప్పిన మూతల్లో నిప్పూ వండేదీ రెండూ లోపలే. అలా కాని మూతలు ఉన్నాయి, వాటంటే నాకు ఇంకా ముచ్చట. గుత్తివంకాయంత కాక, పచ్చడికి కాల్చే పెద్ద వంకాయ ఉందే, దానికి తొక్కే మూత. నూనె రాసి, కత్తిమొనతో రెండు చోట్ల పొడిచి నిప్పు మీద పెడితే తొక్క మాడుతుంది, లోపలి గుజ్జు దాని ఆవిరిలోనే అదే మగ్గుతుంది. పొడవకపోతే ఆ మూత పేలుతుంది. చిలగడదుంపను కుమ్ములో పూడిస్తే బూడిదే మూత. ఏజెన్సీలో మారేడుమిల్లి వైపు పోతే పచ్చి వెదురుబొంగులో కోడిమాంసం కూరి, ఆకులతో మూతి బిగించి మంట మీద తిప్పుతూ కాలుస్తారు. చుక్క నూనె లేకుండా వెదురులోని తేమతోనే మాంసం ఉడుకుతుంది. హైదరాబాదు దమ్ బిర్యానీలో మూతకు పిండి పూసి, కిందా నిప్పు, మూత మీదా నిప్పు. అందుకే మూత తెరవాలా మూయాలా అని అడిగినవాళ్ళను ముందు నేను ఒకటి అడుగుతాను: మీ నిప్పు మూతకు ఇవతలుందా, అవతలుందా? లోపలున్న నిప్పుకు గాలి కావాలి, మూతకు చిల్లు ఉండాలి. బయటున్న నిప్పుకు గాలి బయటే దొరుకుతుంది, ఒక్క వంకాయకు తప్ప మూత ఎంత బిగిస్తే అంత మంచిది.

బయటి నిప్పు పనుల్లో మా పెరటికి పెద్దది తేగల తంపటి.

పండిన తాటికాయలు తినేశాక టెంకలను పెరట్లో ఇసుక నేలలో పాతర వేస్తాం. నెలలు గడిచేసరికి టెంక నుంచి మొలక నేలలోకి దిగి తేగ ఊరుతుంది. సంక్రాంతి రోజుల్లో తవ్వి తీస్తాం. పచ్చి తేగ గట్టిగా, పీచుగా, వగరుగా ఉంటుంది. తెరిచిన నిప్పు మీద వేస్తే పైన మాడుతుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. నీళ్ళలో ఉడికిస్తే రుచి నీళ్ళపాలు. దానికి తంపటే దారి.

అత్త పెద్ద కుండ తెచ్చి, లోపల తేగలను నిలువుగా పేర్చేది. ఒకటి పట్టడానికి కూడా సందు లేకుండా, చివరి రెండూ మోకాలితో ఒత్తి దూర్చేది. మూతికి పచ్చగడ్డీ ఆకులూ కుక్కేది. అలా కుక్కిన కుండను చదునైన నేల మీద బోర్లించి, మూతి చుట్టూ మట్టి మెత్తేది. ఇప్పుడు కుండే పొయ్యీ, కుండే గిన్నే, కుండే మూత. చుట్టూ, పైనా ఎండిన తాటాకులు, కొబ్బరి మట్టలు, పిడకలు కప్పి నిప్పు పెట్టేది. గాలి ఎటు నుంచి వస్తోందో చూసుకుని ఆ వైపు తక్కువ పేర్చేది, ఎందుకంటే ఆ వైపు మంట కుండను ముందు పట్టుకుంటుంది. మంటంతా పడిపోయి బూడిద మిగిలాక కూడా కుండ కదిపేది కాదు. మట్టికుండ వేడిని ఒక పట్టాన వదలదు. తేగలోని నీరే ఆవిరై, బయటికి పోయే దారిలేక, మళ్ళీ తేగలోకే ఇంకేది.

పిల్లలం చుట్టూ కూర్చునేవాళ్ళం. పొద్దు వాలుతుండేది. "ఇప్పుడు తీద్దామా అత్తా?" అంటే, "ఇంకా పచ్చి వాసనే వత్తంది" అనేది. మాకు పొగ వాసన తప్ప ఏదీ తెలిసేది కాదు. ఎప్పటికో లేచి, కర్రతో బూడిద పక్కకు నెట్టి, తడిగుడ్డ చేతులకు చుట్టుకుని, మూతి మట్టి చెదరగొట్టి కుండను ఒక్క ఊపున ఎత్తేది. తేగలు కుండ ఆకారంలోనే ఒక్క క్షణం నిలబడి, ఆవిరితో పాటు నాలుగు దిక్కులకూ ఒరిగిపోయేవి. కుండను ఆనుకున్న వాటికి ఒక పక్క గోధుమరంగు మచ్చలు. అవే ముందు ఎవరికి దక్కితే వాళ్ళకు. అత్త ఒకటి అందుకుని, పొర ఒలిచి, నిలువునా రెండు బద్దలుగా చీల్చి, నడిమి నుంచి చందమామ అనే లేత మొలకను తీసి నా అరచేతిలో పెట్టింది. అది ఇంకా కాలుతోంది.